చిరంజీవి మేనల్లుడికి: /డెవ్/ఎఫ్‌డీ గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సర్వర్లు చూసుకునే పనిలో చేరి షెల్ స్క్రిప్టులు రాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మొదట్లోనే చేతికి అలవాటు కావలసిన విషయం ఒకటి ఉంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రోగ్రాం తెరిచిన ప్రతి ఫైలుకూ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) డిస్క్రిప్టర్ అనే ఒక అంకె ఇస్తుందనీ, ఇన్‌పుట్‌కు 0, అవుట్‌పుట్‌కు 1, ఎర్రర్‌కు 2 అనీ నీకు తెలుసు. ఆ అంకెలనే ఫైలు పేర్లుగా చూపించే డైరెక్టరీ /డెవ్/ఎఫ్‌డీ. ఫైలు పేరు తప్ప మరేదీ తీసుకోని ప్రోగ్రాంకు, అప్పటికే తెరిచి ఉన్న పైపును (ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్‌ను మరోదానికి చేరవేసే దారిని) అందించడానికి ఇది చాలా చక్కని ఉపాయం. బాష్ షెల్‌లో ఎకో <(ట్రూ) అని కొట్టి చూడు, తెర మీద /డెవ్/ఎఫ్‌డీ/63 వంటి పేరు కనబడుతుంది.

అయితే ఆ పేరును తెరిచినప్పుడు జరిగేది అన్నిచోట్లా ఒకటి కాదు. సొలారిస్ అనే యూనిక్స్‌లో /డెవ్/ఎఫ్‌డీ/2ను తెరవడమంటే ఉన్న డిస్క్రిప్టర్‌ను డూప్ చేయడమే, అంటే తెరిచి ఉన్న దానికే మరో అంకె ఇవ్వడమే. లినక్స్‌లో మాత్రం /డెవ్/ఎఫ్‌డీ అనేది, నడుస్తున్న ప్రోగ్రాం తెరిచిన ఫైళ్లను చూపే /ప్రాక్/సెల్ఫ్/ఎఫ్‌డీకి వెళ్లే సింబాలిక్ లింకు (మరో పేరుకు దారి చూపే పేరు); ఆ అంకె వెనక మామూలు ఫైలు ఉంటే కెర్నెల్ ఆ ఫైలును కొత్తగా తెరుస్తుంది, అనుమతులు మళ్లీ చూస్తుంది, ఆఫ్‌సెట్‌ను (ఫైలులో చదివే, రాసే చోటును) సున్నా నుంచి మొదలుపెడుతుంది.

ఈ తేడా నాకు నష్టపోయాకే తెలిసింది. వేళకు పనులు నడిపించే క్రాన్ రాత్రిపూట నడిపే బ్యాకప్ స్క్రిప్టులో, ఏదైనా తప్పు జరిగితే సందేశం > /డెవ్/ఎఫ్‌డీ/2కు వెళ్లేలా రాశాను. క్రాన్ పనుల పట్టిక అయిన క్రాన్‌ట్యాబ్‌లో >> (ఉన్నదాని చివర చేర్చే గుర్తు) పెట్టి ఎర్రర్లన్నీ లాగ్ ఫైలులో చేరేలా చూసుకున్నాను కనుక భయం లేదనుకున్నాను. తీరా బ్యాకప్ విఫలమైన రోజున, ఫైలును ఖాళీ చేసి రాసే నా > గుర్తు ఆ లాగ్‌ను కొత్తగా తెరిచి, మూడు వారాల వివరాలను తుడిచేసి, నా సందేశం ఒక్కటే మిగిల్చింది. అందుకని ఎప్పుడూ >&2 అనే రాయి. అది ఏ ఫైలునూ తెరవదు, ఉన్న డిస్క్రిప్టర్‌ను డూప్ చేస్తుంది. ఎర్రర్ సాకెట్‌కు (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారికి) వెళ్తున్నప్పుడు లినక్స్‌లో /డెవ్/ఎఫ్‌డీ/2 అనే పేరు అసలు తెరుచుకోదు, >&2 మాత్రం పనిచేస్తుంది.

కొత్తగా తెరుచుకునే ఈ గుణమే ఒక్కోసారి ప్రాణం నిలబెడుతుంది. నడుస్తున్న సర్వీసు లాగ్‌ను ఎవరైనా పొరపాటున ఆర్‌ఎమ్‌తో చెరిపేస్తే, కంగారుపడి రీస్టార్ట్ చేయకు. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరులోని ఎఫ్‌డీ డైరెక్టరీలో ఎల్‌ఎస్ -ఎల్ కొడితే, చెరిపేసిన ఫైలు పక్కన డిలీటెడ్ అని ఉంటుంది. దాని అంకె పేరుతో ఉన్న ఫైలును సీపీతో మరోచోటికి కాపీ చేస్తే ఫైలు మొదటి నుంచీ వస్తుంది. కాపీ సైజు సరిచూసుకున్నాకే సర్వీసును ముట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య