1917లో జార్‌ని దించింది లెనినేనా? జనం ఎందుకు తిరగబడ్డారు, తర్వాత ఏమైంది?

కాదండీ. రష్యా చక్రవర్తి (జార్) రెండో నికొలస్ గద్దె దిగిన రోజున లెనిన్ స్విట్జర్లాండ్‌లో, జూరిక్‌లో ఉన్నాడు. రాబోయే విప్లవంలోని అసలు పోరాటాలను మా పెద్ద తరం వాళ్లం చూడకపోవచ్చని ఆ ఏడాది జనవరిలోనే అక్కడి యువకుల సభలో అన్నాడు. ట్రాట్‌స్కీ న్యూయార్క్‌లో, స్టాలిన్ సైబీరియా ప్రవాసంలో ఉన్నారు. మన పోటీ పరీక్షల పుస్తకాలు జార్ దిగిపోయిన ఫిబ్రవరి విప్లవానికి ఒక పేరా ఇచ్చి, లెనిన్ పార్టీ అధికారం పట్టిన అక్టోబర్ విప్లవానికి పేజీలు కేటాయిస్తాయి కాబట్టి రెండూ కలిసిపోయి చాలామందికి ఇదే అనుమానం వస్తుంది.

నేను మెడిసిన్ చదివింది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. అక్కడి మెట్రోలో మొదటిదైన ఎర్ర లైనులో రోజూ తిరిగేదాన్ని. విప్లవం జరిగిన చోట్లు చాలావరకు ఆ లైను మీదే ఉన్నాయి, సెలవు రోజుల్లో ఒక్కో స్టేషన్లో దిగి నడిచి చూసేదాన్ని, అందుకే జవాబు కూడా ఆ చోట్ల మీదుగానే చెప్తాను.

కిరోవ్‌స్కీ జవోద్ స్టేషన్ బయట ఉన్న పెద్ద ఫ్యాక్టరీ పాత పేరు పుతిలోవ్. 1905 జనవరిలో అక్కడ కొందరిని పనిలోంచి తీసేస్తే సమ్మె మొదలై ఊరంతా పాకింది. గపోన్ అనే ఫాదర్ పిలుపు మీద వేలాది మంది, పిల్లాజెల్లాతో సహా, దేవుడి పటాలూ జార్ పటాలూ పట్టుకుని అర్జీ ఇచ్చుకోవడానికి వింటర్ ప్యాలెస్ వైపు బయల్దేరారు. పక్క స్టేషన్ నార్వ్‌స్కాయాలో దిగితే ఎదురుగా నెపోలియన్ మీద గెలుపుకి గుర్తుగా కట్టిన ద్వారం కనిపిస్తుంది, ఆ ద్వారం దగ్గరే వాళ్ల మీద తుపాకులు పేలాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 130 మంది చనిపోయారు. జార్ ఆ రోజు ఊళ్లోనే లేడు. మన గోడు ఆయన చెవిన పడితే చాలు అన్న నమ్మకం చాలామందిలో ఆ రోజుతో పోయింది. ఆ తర్వాత దూమా అనే పార్లమెంటు ఇచ్చాడు, కానీ నచ్చనప్పుడు రద్దు చేశాడు, 1907లో ఓటింగ్ చట్టమే మార్చి భూస్వాములకు బలం పెంచాడు. భూమి కోసం ఆశపడ్డ రైతుకి దక్కింది చాలా తక్కువ.

ఈ స్థితిలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మొత్తం మీద కోటిన్నర మందిని సైన్యంలోకి లాగారు, అందులో అత్యధికులు రైతు బిడ్డలు. యుద్ధం మొదట్లోనే మద్యం నిషేధించారు, ఖజానా ఆదాయంలో పావు వంతు పైనే వోడ్కా మీద వచ్చేది, ఆ లోటు పూడ్చడానికీ యుద్ధ ఖర్చుకీ నోట్లు అచ్చేస్తూ పోయారు, ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. 1915 ఆగస్టులో జార్ తానే సర్వసేనానిగా సైన్యం ప్రధాన కేంద్రమైన మొగిల్యోవ్ వెళ్లిపోయాడు, అప్పటినుంచి ప్రతి ఓటమీ నేరుగా ఆయన ఖాతాలోకే. రాణిగారికి బాగా దగ్గరైన సాధువు రాస్‌పుటిన్ కథలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి, వాటికి ఇంత ప్రాధాన్యం అక్కర్లేదని నా అభిప్రాయం. అతన్ని 1916 డిసెంబర్‌లో చంపేశారు, రొట్టె కొరత తీరిందా? లేదు కదా.

ఆ కొరత గురించే అసలు చెప్పాలి. దేశంలో ధాన్యం లేక కాదు, ఉంది. రైళ్లన్నీ సైన్యానికే, బొగ్గు చాలదు, ఇంజన్లు పాడైతే బాగుచేసే దిక్కు లేదు, పైగా ఆ చలికాలం మంచు విపరీతం. రాజధాని పెట్రోగ్రాడ్‌కి (యుద్ధం మొదలయ్యాక పీటర్స్‌బర్గ్ పేరు అలా మార్చారు) పిండి సరిగా చేరేది కాదు, పిండి చేరిన చోట పొయ్యిలకి ఇంధనం ఉండేది కాదు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు, వాళ్ల అమ్మమ్మ నది అవతల విబోర్గ్ వైపు బట్టల మిల్లులో పనిచేసేదట. అర్ధరాత్రి నుంచి గడ్డకట్టే చలిలో రొట్టె కోసం నిలబడి, దొరికినా దొరక్కపోయినా తెల్లారి అట్నుంచి అటే షిఫ్టుకి వెళ్లేదని చెప్పారు. రేషన్ పెడతారని పుకారు వచ్చేసరికి క్యూలు ఇంకా పెరిగాయి.

పాత క్యాలెండర్‌లో ఫిబ్రవరి 23, మన లెక్కలో మార్చి 8, మహిళా దినోత్సవం. ఆ రోజు విబోర్గ్ వైపు మిల్లుల ఆడవాళ్లు పని ఆపి వీధిలోకి వచ్చారు, పక్క ఫ్యాక్టరీల కిటికీల మీద మంచు ముద్దలు విసిరి మగవాళ్లనీ బయటికి పిలిచారు. పుతిలోవ్‌లో అంతకు ముందు రోజే యాజమాన్యం గేట్లు మూసేయడంతో వాళ్లూ రోడ్డు మీదే ఉన్నారు. పోలీసులు వంతెనలు మూస్తే జనం గడ్డకట్టిన నేవా నది మీద నడిచి ఊరి మధ్యలోకి వచ్చారు. మూడో రోజుకి సమ్మెలో రెండు లక్షల మంది పైనే. ఆ నది మీద నేనూ చలికాలంలో నిలబడ్డాను, ఎదురుగా గుర్రపు దళాలు ఉంటాయని తెలిసీ ఆ గాలిలో నడిచిన ఆడవాళ్ల ధైర్యం గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

అయినా జనం ఎంతమంది వచ్చినా 1905లో లాగే అణిచేయవచ్చు. తేడా వచ్చింది సైనికుల దగ్గర. రేపటికల్లా గొడవలు ఆపమని 25న జార్ తంతి పంపాడు, 26న కాల్పులు జరిగాయి, ఇప్పటి ప్లోషద్ వొస్తానియా స్టేషన్ ఉన్న కూడలిలో చాలామంది చచ్చిపోయారు. కాల్చినవాళ్లలో వొలిన్‌స్కీ రెజిమెంట్ వాళ్లున్నారు. ఆ రాత్రి బ్యారక్‌లో కిర్పిచ్నికోవ్ అనే సార్జెంటూ, తోటివాళ్లూ ఇక జనం మీద తుపాకీ ఎత్తకూడదని నిర్ణయించుకుని, తెల్లారి తమ కెప్టెన్‌ని చంపి పక్క రెజిమెంట్లని లేపారు. బ్యారక్‌ల నిండా ఉన్నది నిన్నమొన్న చేర్చుకున్న కుర్రాళ్లూ, గాయాలు మాని మళ్లీ ఫ్రంట్‌కి పోవాల్సినవాళ్లూ. సాయంత్రానికి వేలకొద్దీ సైనికులు జనంతో కలిసిపోయారు. మార్చి 2న, కొత్త లెక్కలో 15న, ప్స్కోవ్‌లో రైలు పెట్టెలో కూర్చుని జార్ రాజీనామా మీద సంతకం పెట్టాడు, దిగిపొమ్మని సలహా ఇచ్చింది ఆయన జనరల్సే. మర్నాడు తమ్ముడు మిఖాయిల్ కూడా వద్దనడంతో 304 ఏళ్ల రొమానోవ్ వంశం పాలన ముగిసింది.

తర్వాత సంగతి. చెర్నిషెవ్‌స్కాయా స్టేషన్‌కి దగ్గర్లోని తావ్రిచెస్కీ భవనంలో ఒకే కప్పు కింద రెండు అధికారాలు పుట్టాయి, ఒక పక్క దూమా పెద్దల తాత్కాలిక ప్రభుత్వం, ఇంకో పక్క కార్మికుల, సైనికుల సోవియట్ (అంటే ప్రతినిధుల మండలి). మంచి పనులూ జరిగాయి, రాజకీయ ఖైదీలను వదిలారు, పత్రికలకు స్వేచ్ఛ వచ్చింది, ఆడవాళ్లు మళ్లీ వీధికెక్కి ఓటు హక్కు సాధించారు. కానీ జనం అడిగిన మూడింటిలో, అంటే శాంతి, భూమి, రొట్టెల్లో, ఒక్కటీ సరిగా అందలేదు. యుద్ధం ఆపలేదు సరికదా జూన్‌లో ఆ ప్రభుత్వపు యుద్ధ మంత్రి కెరెన్‌స్కీ కొత్త దాడికి దిగాడు, అది చెదిరిపోయింది. భూమి సంగతి రాజ్యాంగ సభ తేలుస్తుందన్నారు, ఆ సభ ఎన్నికలేమో వాయిదా వేస్తూ పోయారు, రైతులు ఆగలేక తామే పొలాలు ఆక్రమించుకున్నారు. ఏప్రిల్‌లో తిరిగొచ్చిన లెనిన్ ఈ ఖాళీలోకి అడుగుపెట్టాడు. అక్టోబర్‌లో బోల్షెవిక్‌లు, అంటే లెనిన్ పార్టీవాళ్లు, కూలదోసింది అప్పటికి ప్రధాని అయిన కెరెన్‌స్కీ ప్రభుత్వాన్ని, జార్‌ని కాదు.

నవంబర్‌లో జరిగిన రాజ్యాంగ సభ ఎన్నికల్లో వాళ్లకి వచ్చిన ఓట్లు నాలుగో వంతు దాకానే. 1918 జనవరిలో ఆ సభ ఒక్క విడత సమావేశమైతే, మర్నాడు మూసేశారు. సభకి మద్దతుగా ఊరేగింపు తీసిన కార్మికుల మీద కూడా కాల్పులు జరిగాయి, రచయిత గోర్కీ దాన్ని 1905 కాల్పులతో పోల్చి తన పత్రికలో కడిగేశాడు. అంతర్యుద్ధం, 1921-22 కరువులో లక్షల చావులు వేరే జవాబుకి సరిపడే విషయాలు. రైతులు 1917లో తీసుకున్న భూమి కొన్నేళ్లు వాళ్ల చేతిలోనే ఉంది, 1929 తర్వాత బలవంతపు సామూహిక సేద్యంలో అదీ పోయింది.