టికెట్ అనకండి, ఇన్‌వార్డ్ నంబరు అనండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకూ ఇదీ: యూనివర్సిటీ వెబ్‌సైట్ చూసుకునే వెబ్ సెల్‌లో కొత్తగా చేరారు, ఉన్నది ఇద్దరే. ముప్పై పైచిలుకు డిపార్ట్‌మెంట్ల వాళ్లు వాట్సాప్‌లో, ఫోన్లో, ఆఖరికి క్యాంటీన్ దగ్గర ఆపి కూడా పనులు చెబుతున్నారు. ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్. నేను కాకినాడ వైపు ఒక యూనివర్సిటీలో ఇదే పని తొమ్మిదేళ్లు చేశాను. మొదటి రెండేళ్లూ మీ పరిస్థితే. అందుకని కాస్త పొడుగ్గానే చెబుతాను.

మేమూ మొదట అందరూ చెప్పే పనే చేశాం. అడిగిన ప్రతి పనినీ ‘టికెట్’ అని నమోదు చేసి నంబరు ఇచ్చే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరికేది ఒకటి సర్వర్‌లో ఎక్కించి, ‘ఇకపై వెబ్‌సైట్ పనులకు టికెట్ రైజ్ చేయవలెను’ అని అన్ని డిపార్ట్‌మెంట్లకీ సర్క్యులర్ పంపించాం. నెల రోజుల్లో నాలుగు వచ్చాయి. అందులో రెండు, పనిచేస్తుందో లేదో చూడ్డానికి నేను పెట్టుకున్నవే. ఒక సూపరింటెండెంట్ గారైతే మొహం మీదే అడిగారు: “ఏవండీ, మా నోటీసు పెట్టడానికి మేం టికెట్ తీసుకోవాలా? ఇదేమన్నా ఆర్టీసీ బస్సాండీ?”

నవ్వుకున్నాను గానీ, ఆయన సెక్షన్‌లో పని జరిగే తీరు చూశాక నా తప్పు తెలిసింది. అక్కడికి ఏ కాగితం వచ్చినా రిజిస్టర్లో ఎక్కుతుంది, ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది. నంబరు చెబితే ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగిందో రెండు నిమిషాల్లో తేలుస్తారు. అంటే మనం నేర్పాలనుకున్న పద్ధతి వాళ్లకి ఎప్పటినుంచో వచ్చు, పేరే వేరు. టికెట్ అన్న మాట తీసేసి, ఒక ఆన్‌లైన్ షీట్‌కి ‘వెబ్ ఇన్‌వార్డ్ రిజిస్టర్’ అని పేరు పెట్టాం. వాట్సాప్‌లో పని వచ్చినా వద్దనలేదు. మేమే షీట్‌లో ఎక్కించి, “మేడమ్, మీది వెబ్ 214, గురువారానికి అవుతుంది” అని జవాబు పెట్టేవాళ్లం. మూడు నెలలు తిరిగేసరికి వాళ్లే “మా 214 ఏమైందండీ” అని అడగడం మొదలైంది.

షీట్ అందరూ చూసేలా తెరిచి పెట్టండి. దీని విలువ చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది కాజులూరు వైపు, గోదావరి తూర్పు డెల్టా శివారు, అంటే కాలువ చివర. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారని పేపర్లో పడుతుంది గానీ, దాళ్వాలో, అంటే రెండో పంటకి, మా చేను తడిసేది ఎగువ వాళ్లందరూ పట్టుకున్నాకే. వంతులవారీ నీళ్లిస్తున్నప్పుడు కూడా మా నాన్నకి కోపం తెప్పించేది నీళ్లు ఆలస్యం కావడం కాదు, వంతు ఎప్పుడొస్తుందో లస్కర్ (కాలువ నీళ్లు చూసే ఉద్యోగి) చెప్పకపోవడం. వెబ్ సెల్‌కీ శివారు డిపార్ట్‌మెంట్లుంటాయి. పరీక్షల విభాగం, అడ్మిషన్ల వాళ్లు కాలువ మొదట్లో ఉంటారు. తెలుగు, తత్వశాస్త్రం లాంటివి చివర్న ఉంటాయి. షీట్ కనిపిస్తుంటే వాళ్లకి తమ ముందు ఏముందో తెలుస్తుంది, సగం ఫోన్లు ఆగిపోతాయి.

ఏది ముందు అన్నదానికి మా లెక్క సులువు. తప్పుగా ఉంటే ఒక విద్యార్థికి డబ్బో, రోజో, సీటో పోయేది మొదట. పరీక్ష ఫీజు గడువు, హాల్ టికెట్లు, కౌన్సెలింగ్ తేదీలు అందులోకి వస్తాయి. రెండోది చట్టం అడిగేది. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం 2005లోని 4(1)(బి) కింద 17 అంశాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ర్యాగింగ్ నిరోధక కమిటీ, విద్యార్థుల ఫిర్యాదులు వినే అంబుడ్స్‌పర్సన్ వివరాలు కూడా ఎవరో గుర్తు చేసేదాకా పాతబడి ఉండకూడదు. సెమినార్ ఫొటోలు, సన్మానాలు ఆ తర్వాతే. కోప్పడతారు, పడనివ్వండి.

డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) మెయిల్ నుంచి వస్తేనే పేజీ మార్చండి. మాకిది ఎలా తెలిసిందంటే, ఒక డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య సీనియారిటీ గొడవ నడుస్తోంది. పొద్దున ఒకరు ఫ్యాకల్టీ లిస్టు పంపారు, తన పేరు పైన. మధ్యాహ్నం ఇంకొకరు పంపారు, తన పేరు పైన. సాయంత్రానికి ఆ పేజీ మూడుసార్లు మారింది. మర్నాడు మాకే మెమో వచ్చింది, ‘ఎవరి ఉత్తర్వులపై మార్చితిరి’ అని. అప్పటినుంచి ఫ్యాకల్టీ లిస్టు అంటే రిజిస్ట్రార్ ఆఫీసు ఖరారు చేసిన వరుస తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

పనులు అడగడానికి మీరు పెట్టే ఫారంలో ఇంకేం ఉన్నా లేకపోయినా ‘ఎప్పుడు తీసేయాలి’ అన్న గడి ఉండాలి. పెట్టమనడానికి పదిమంది వస్తారు, తీసేయమని ఎవరూ రారు. ఒకసారి రాజోలు నుంచి ఒక అబ్బాయి తండ్రిని వెంటబెట్టుకుని స్పాట్ అడ్మిషన్‌కి వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చారట. ఆ రోజు స్పాట్ అడ్మిషన్లే లేవు. ఫోన్ తీసి చూపించాడు. మా వెబ్‌సైట్‌లోదే, మా ముద్రతోనే, అంతకు ముందు సంవత్సరం నోటిఫికేషన్. పీడీఎఫ్‌లో తేదీ, నెల పెద్దగా ఉన్నాయి, సంవత్సరం మూలన చిన్న అక్షరాల్లో ఉంది. పేజీలోంచి లింకు తీసేశాం కదా అని మేం అనుకున్నాం. లింకు పోయినా ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది, గూగుల్లో వస్తూనే ఉంటుంది, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. గొడుగు చంకన పెట్టుకుని, “సరేలెండి, మళ్లీ ఎప్పుడు రమ్మంటారు” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి పీడీఎఫ్ లింకు ఎవరికీ ఇవ్వలేదు, పేజీ లింకే ఇచ్చాం. అడ్మిషన్ల పేజీ చిరునామా ఏటా ఒకటే, లోపలి విషయమే మారుతుంది. ఒక్క జాగ్రత్త. యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చే న్యాక్‌కి పంపిన ఎస్‌ఎస్‌ఆర్‌లో (మన గురించి మనమే రాసిచ్చే నివేదిక) సాక్ష్యంగా ఇచ్చిన లింకుల జాబితా, ఆ పని చూసే ఐక్యూఏసీ విభాగం దగ్గర తీసుకుని పక్కన పెట్టుకోండి. వాటిని చెరపకండి, చిరునామా మార్చకండి. సైట్ రూపం మార్చేటప్పుడు మేం ఇది మర్చిపోయి, పాత లింకులన్నీ తెగిపోయాక రెండు రాత్రులు కూర్చుని అతికించాం.

ఇక తెలుగు నోటీసుల గోల. తెలుగు డిపార్ట్‌మెంట్ క్లర్కు గారు పెన్‌డ్రైవ్ తెచ్చేవారు. అక్కడ చక్కగా కనిపించే సదస్సు ఆహ్వానం, సైట్‌లో అతికించగానే పౌండ్ గుర్తులు, ప్రశ్న గుర్తులు, నెత్తిన టోపీలున్న ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోయేది. “మా కంప్యూటర్‌లో బానే ఉందండీ” అనేవారు పాపం. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టినది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేని చోట అది తెలుగే కాదు. మార్చే టూల్స్ ఉన్నాయి గానీ ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, మార్చాక డిపార్ట్‌మెంట్ వాళ్లతోనే ఒకసారి చదివించండి. కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపితే తీసుకోకండి. చూపులేని విద్యార్థులకి తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అది ఉత్త బొమ్మ, వెతికినా దొరకదు. టైపు చేసిన అసలు ఫైలు అడగండి. సంతకం ఉన్న కాపీ కావాలంటే దాని పక్కన పెట్టుకోవచ్చు.

డిపార్ట్‌మెంట్లకే లాగిన్ ఇచ్చేస్తే పోదా అని మీకూ అనిపిస్తుంది. ఇచ్చాం. ఆరు నెలల తర్వాత చూస్తే వాడుతున్నది నలుగురు, మిగతావాళ్ల పాస్‌వర్డు మానిటర్ మీద చీటీ అంటించి ఉంది. వాడే నలుగురికీ వార్తలు, కార్యక్రమాల వరకే ఉంచి మిగతావి మూసేశాం.

కాన్ఫరెన్స్ కోసం వేరే డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొంటామంటే మాత్రం గట్టిగా అడ్డుపడండి. మాకొక డిపార్ట్‌మెంట్ కొని, మర్నాటి ఏడాది రెన్యువల్ మర్చిపోయింది. ఇంకెవరో కొనుక్కున్నారు. మా పేజీలో ‘అంతర్జాతీయ సదస్సు’ మీద నొక్కితే రమ్మీ ఆట వచ్చేది. ఒక పేరెంట్ ఫోన్ చేసి చెప్పేదాకా మాకు తెలియదు. ఏసీ డాట్ ఇన్‌తో ముగిసే మీ యూనివర్సిటీ పేరు కిందే సబ్‌డొమైన్ (దాని ముందు ఇంకో మాట చేర్చిన చిరునామా) తీసి ఇవ్వండి, దానికి పైసా ఖర్చు లేదు.

వీసీ (వైస్ ఛాన్సలర్) పేషీ నుంచి ఫోన్ వస్తే ఏం చేయాలనేగా తర్వాతి ప్రశ్న? చేసేయండి. చేశాక షీట్‌లో ఎక్కించి, నంబరు పేషీకి కూడా మెసేజ్ పెట్టండి. మాకు మొదట్లో జవాబే వచ్చేది కాదు. ఏడాది తర్వాత పేషీ నుంచి వచ్చిన మెయిల్‌లో సబ్జెక్టు లైన్ ‘వెబ్ 1187 గురించి’ అని ఉంది.