కుళ్లిన పళ్లు పారబోయించే అధికారం ఫుడ్ సేఫ్టీ వాళ్లకి ఉందా?

మీ నాన్నగారి దుకాణంలో బొప్పాయిలు కుళ్లాయని అధికారులు పారబోయించారు, ఇది చెల్లుతుందా, డబ్బులు వస్తాయా అని అడిగారు. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా పళ్ల వ్యాపారంలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అధికారం ఉంది. 2006 ఆహార భద్రత చట్టం సెక్షన్ 38 ప్రకారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ సరుకు సీజ్ చేయొచ్చు. తినడానికి పనికిరాకుండా పాడైపోతే ధ్వంసం కూడా చేయించొచ్చు. కాకపోతే ముందు వ్యాపారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మీ దగ్గర ఆ కాగితం ఉందా? మొదట అది చూసుకోండి.

మా షాపుకి వచ్చినప్పుడు ఆఫీసర్ పైవరస ముట్టుకోలేదు. అడుగు ట్రే లాగించి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది, తెల్లగా బూజు. ఇక వాదించడానికి ఏముంది? కానీ పంచనామాలో "కొన్ని ట్రేలు" అని రాయబోతే నేను ఒప్పుకోలేదు. కాటా మీద పెట్టించి, కిలోలు రాయించాకే సంతకం పెట్టాను. మంచి కాయలు ఏరుకోనిచ్చారు. మిగతావాటిమీద ఫినాయిల్ పోసి మున్సిపాలిటీ బండిలో వేశారు. లేకపోతే సాయంత్రానికల్లా ఏ జ్యూస్ బండి దగ్గరికో చేరతాయి, అది మనందరికీ తెలిసిందే.

డబ్బు సంగతంటారా, నిజంగా కుళ్లిన సరుకైతే ఆశ వదులుకోండి. కారణం లేకుండా వేధించడానికే సీజ్ చేశారని రుజువైతే సెక్షన్ 39 కింద ఆఫీసర్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. అయితే అదే సెక్షన్‌లో తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లకి యాభై వేలకి తగ్గకుండా జరిమానా కూడా ఉంది. కోపంలో ఫిర్యాదు రాసెయ్యకండి.

శాంపిల్ తీశారా అన్నది మీరు రాయలేదు. తీసి ఉంటే అది వేరే కథ. నాలుగు భాగాలు చేస్తారు, వ్యాపారి అడిగితే ఒక భాగం గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాలి. మామిడి సీజన్లో ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే కార్బైడ్‌తో మాగబెట్టడం పూర్తిగా నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌కి మాత్రం 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి వంద భాగాలు) దాకా అనుమతి ఉంది. గంపలో కార్బైడ్ పొట్లం దొరికితే కాయ ఎంత బాగున్నా కేసే. బొప్పాయి కుళ్లడం దాంతో పోలిస్తే చిన్న విషయం.

నోటీసు కాపీ ఇవ్వకపోయి ఉంటే, తేదీ వేసి జిల్లా డిజిగ్నేటెడ్ ఆఫీసర్ (ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ల పై అధికారి) పేరున ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.