ముద్ర వేరు, బొట్టు వేరు

టాంపా, ఫ్లోరిడా

చిరంజీవి సౌమ్యకి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వడిగిన మాట రాత్రంతా నన్ను వదల్లేదు. "మా అభ్యర్థిని అప్పుడే సోషలిస్టు అంటున్నారు పెద్దమ్మా, ఆ మాట అంటుకుంటే ప్రెసిడెంటుగా ఇక గెలవలేరా?" అన్నావు. అది నిలబడి చెప్పే జవాబు కాదు. 2008 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికకీ ఇక్కడ డెమొక్రాట్ల కోసం తలుపులు తట్టాను, ఫోన్లు చేశాను. అందులో నాకు తెలిసొచ్చినది రాస్తున్నాను, ప్రచారంలో దిగేముందు చదువుకో.

ఎదుటివాళ్లు వేసే ముద్ర వేరు, అభ్యర్థి తన చేత్తో పెట్టుకున్న బొట్టు వేరు. ముద్ర పడ్డాక గెలిచినవాళ్లు ఉన్నారు. 1936 జనవరిలో అల్ స్మిత్, అంతకు ఎనిమిదేళ్ల ముందు డెమొక్రాటిక్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి పోటీచేసినాయన, వాషింగ్టన్‌లో ఒక విందు సభలో అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సోషలిస్టుల ప్రణాళికనే అమలు చేస్తున్నాడని దుయ్యబట్టాడు. సొంత పార్టీ మనిషే అన్నాక ఇంకేముంది అనుకుంటాం కదా. ఆ నవంబరులో రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. 2008లో ఒహాయోలో ఒక ప్లంబర్ నిలదీస్తే, సంపద నలుగురికీ పంచితే మంచిదన్నట్టు ఒబామా జవాబిచ్చారు. ఎన్నికల రోజు దాకా ఆ ఒక్క మాట పట్టుకుని సోషలిస్టు అన్నారు. ఒహాయోతో సహా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచారాయన.

ఇక బొట్టు పెట్టుకున్నవాళ్ల సంగతి. యూజీన్ డెబ్స్ సోషలిస్టుగా ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేశారు. 1912లో ఆరు శాతం ఓట్లొచ్చాయి, అదే ఆయనకి ఎక్కువ. 1920లో యుద్ధాన్ని వ్యతిరేకించి మాట్లాడిన నేరానికి అట్లాంటా జైల్లో ఉండి కూడా 9 లక్షల పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. ఆ మనిషి మీద నాకెంత గౌరవమో చెప్పలేను, కానీ ఒక్క రాష్ట్రమూ రాలేదు. ఆయన తర్వాత నార్మన్ థామస్ కూడా సోషలిస్టుగానే ఆరుసార్లు నిలబడ్డారు. 1932లో, కోటిమందికి పైగా ఉద్యోగాల్లేకుండా ఉన్న రోజుల్లో కూడా ఆయనకి వచ్చింది రెండు శాతం చిల్లర. బెర్నీ శాండర్స్ 2016లో డెమొక్రాటిక్ ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, కోటీ ముప్పై లక్షల ఓట్లు సంపాదించారు. 2020లో న్యూ హాంప్‌షైర్, నెవాడా గెలిచాక, సౌత్ కరొలైనాలోనూ మార్చి 3 ప్రైమరీల్లోనూ ఆయన గాలి ఆగిపోయింది. ఆ ఓటర్లలో చాలామందికి ఆయన పథకాలు నచ్చాయి. నవంబరులో ట్రంప్ మీద ఎవరు గెలుస్తారన్న లెక్కే వాళ్లని బైడెన్ వైపు తిప్పింది.

ఆ లెక్క వట్టి భయమేమీ కాదు. 2020 మొదట్లో గాలప్ అనే సర్వే సంస్థ వాళ్లు, మీ పార్టీ అర్హుడైన సోషలిస్టుని నిలబెడితే ఓటేస్తారా అని అడిగితే 45 శాతమే వేస్తామన్నారు. నాస్తికుడికి వేస్తామన్నవాళ్లే అంతకన్నా ఎక్కువ. అదే రోజుల్లో శాండర్స్, ట్రంప్ అని పేర్లు పెట్టి అడిగితే చాలా సర్వేల్లో శాండర్సే ముందున్నారు. మీ ఆఫీసులో కుర్రాళ్లు ఈ రెండోదాన్నే ఎత్తి చూపిస్తారు. ఎదుటి పార్టీ ఇంకా ఆయన మీద డబ్బు కుమ్మరించి ప్రకటనలు వేయని రోజుల సర్వేలవి. నవంబరు దాకా ఆ మెజారిటీ నిలిచేదా? నాకు నమ్మకం లేదు.

సోషలిస్టునని తనే చెప్పుకుని న్యూయార్క్ మేయరుగా మమ్దానీ గెలిచారు కదా అంటావు. 2025 నవంబరులో ఆయన గెలిచిన రాత్రి నేనూ సంతోషపడ్డాను, మన వైపు పోలికలున్న కుర్రాడు. కానీ ప్రెసిడెంటుని తేల్చేది న్యూయార్క్ కాదు. 2016లో, 2020లో, 2024లో మూడుసార్లూ పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ ఎటు మొగ్గితే అటే గెలుపు. మమ్దానీ గెలిచిన రాత్రే వర్జీనియా గవర్నరుగా గెలిచిన డెమొక్రాట్ స్పాన్‌బర్గర్, సోషలిజం అన్న మాట ఇక ఎత్తొద్దని 2020లో సొంత పార్టీ వాళ్లతో గట్టిగా వాదించిన మనిషి.

నువ్వు విజయవాడలో పెరిగావు. ఆటోస్టాండు దగ్గర ఎర్రజెండా చూస్తూ బడికెళ్లావు. మన దేశంలో పార్టీ రిజిస్టరు కావాలంటేనే సోషలిజానికి కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. అందుకే ఆ మాటలోని ముల్లు మనకి గుచ్చుకోదు, ఇక్కడివాళ్లకి ఎందుకు గుచ్చుకుంటుందో అర్థం కాదు. 1955 ఆంధ్ర ఎన్నికల సంగతి తాతయ్య ఎన్నిసార్లు చెప్పేవారో! ఆ జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెస్ 'సోషలిస్టు తరహా సమాజం' తన మాటగా చేసుకుంది. కమ్యూనిస్టు అన్న పేరు చూపించి భయపెట్టింది, ఆ పేరు చెప్పే పనుల్లో కొన్ని తనవే అంది. కమ్యూనిస్టులకి 31 శాతం ఓట్లొచ్చాయి, 196 సీట్లలో 15 దక్కాయి. ఇక ఇక్కడ, నవలా రచయిత అప్టన్ సింక్లెయిర్ కాలిఫోర్నియాలో సోషలిస్టుగా నిలబడి ఓడి, 1934లో డెమొక్రాట్‌గా గవర్నరు పదవికి పోటీచేస్తే 8 లక్షల పైన ఓట్లొచ్చాయి. అమెరికన్లు సోషలిజం తీసుకుంటారు గానీ ఆ పేరు తీసుకోరని చాలా ఏళ్ల తర్వాత ఆయన థామస్‌కి ఉత్తరం రాశారు. తాతయ్య చెప్పినదీ అదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. 2020 అక్టోబరులో మయామి వైపు ఫోన్లు చేస్తున్నాను. ఒక పెద్దావిడ, క్యూబా నుంచి చిన్నప్పుడే వచ్చేశారట, "మీవాళ్లు సోషలిస్టులు" అన్నారు. కాదమ్మా, డెన్మార్క్‌లో ఇలా ఉంటుంది, స్వీడన్‌లో అలా ఉంటుంది అని నేను పాఠం మొదలుపెట్టాను. ఆవిడ మెల్లగా, "మా నాన్న దుకాణం లాక్కున్నారు" అని ఫోన్ పెట్టేశారు. ఆవిడ ఇంట్లో జరిగినదాన్ని ఆవిడకే నేను పుస్తకం నుంచి నేర్పబోయాను. ఈనాటికీ ఆ గొంతు గుర్తొస్తే బాధేస్తుంది. మయామి-డేడ్ కౌంటీలో 2016లో హిల్లరీ క్లింటన్‌కి 29 పాయింట్ల ఆధిక్యం, 2020లో బైడెన్‌కి 7. కారణాలు ఇంకా ఉన్నాయి, కానీ ఆ ముద్రకి మనవాళ్లు చాలాకాలం జవాబే ఇవ్వకపోవడం అందులో పెద్దది.

అందుకని, ఎవరైనా ఆ మాట అంటే ముందు అడుగు: మీకు ఆ మాట వింటే ఏం గుర్తొస్తుంది అని. అడిగి ఊరుకో, చెప్పనీ. పోయిన దుకాణం గురించి చెబితే విను, వాదించకు. టీవీలో విన్న భయమైతే, కాదు కాదని ఆ మాటనే పదిసార్లు తిప్పి అనకు. అంటే అదే మనసులో పాతుకుపోతుంది. పనులు చెప్పు. మెడికేర్, అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఉన్నవాళ్లకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకూడదని 2022లో చట్టం వచ్చిందే, అలాంటివి చెప్పు. 2020లో ఫ్లోరిడా ట్రంప్‌కి ఓటేసింది, అదే బ్యాలెట్ మీద కనీస వేతనం గంటకి 15 డాలర్లకి పెంచే సవరణకి దాదాపు 61 శాతం ఓట్లేసింది. పార్టీ పేరు లేకుండా పని ఒక్కటే రాసి ఉంటే జనం ఎలా ఓటేస్తారో నేను కళ్లారా చూశాను.

మన తెలుగు ఇళ్లకి వెళ్తే ప్రశ్న వేరుగా వస్తుంది. సోషలిజం అనరు, "మా ట్యాక్సు ఎంత పెరుగుతుందమ్మా?" అంటారు. నీళ్లు నమలకు. ఎంత ఆదాయం దాటితే ఎంతో ముందే కనుక్కుని వెళ్లు. పెరుగుతుందంటే పెరుగుతుందనే చెప్పు. పిల్ల నిజం చెప్పింది అనుకుంటే తర్వాతి మాట కూడా వింటారు.

మీ అభ్యర్థి ఆ బొట్టు తనే పెట్టుకున్న మనిషైతే పని మానమని నేననను. నీ మనసు అక్కడుంటే అక్కడే చెయ్యి. కానీ ఆఫీసులో పెద్దవాళ్లని మొదటి వారమే అడుగు: పెన్సిల్వేనియాలో అరవై దాటిన ఓటరుకి ఆ మాట గురించి ఏం చెబుతాం, ఎవరు చెబుతారు, ఎప్పటినుంచి చెబుతాం? జనం మనతోనే ఉన్నారులే అని తేల్చేస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీకిచ్చే ఫోన్ స్క్రిప్టు రాగానే నాకు పంపు. ఎక్కడెక్కడ ఫోన్ పెట్టేస్తారో గుర్తుపెట్టి తిప్పి పంపిస్తాను. అమ్మకి బీపీ మాత్రలు వేళకి వేసుకోమని చెప్పు.

మీ పెద్దమ్మ