రోజూ నడిపే ట్రక్కుకి టర్బోనా, సూపర్‌చార్జరా?

తమ్ముడూ, ఆఫీసుకి తిప్పే పికప్ ట్రక్కుకి టర్బో పెట్టించాలా, సూపర్‌చార్జరా అని అడిగావు. ఇంజిన్ పోతే మళ్లీ కట్టించుకునే డబ్బు నీ దగ్గరుందా? ముందు అది చెప్పు. అమెరికా వచ్చిన కొత్తలో నన్ను ఈ మాట అడిగినవాళ్లు లేరు.

రెండూ చేసే పని ఒకటే, ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ కుక్కడం. సూపర్‌చార్జర్‌ని క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ తిప్పే ప్రధాన ఇరుసు)కి తగిలించిన బెల్టు తిప్పుతుంది కాబట్టి ఇంజిన్ శక్తిలో కొంత దానికే పోతుంది. టర్బో మాత్రం ఎలాగూ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతుంది, నిమిషానికి లక్ష చుట్లకు పైగా. అందుకే హైవే మీద నిదానంగా పోయేవాళ్లకి టర్బోతో మైలేజీ మెరుగు. కొండ ప్రాంతాల్లో గాలి పలచబడినా బాగానే తట్టుకుంటుంది. కానీ కాలు వేయగానే లాగాలంటే సూపర్‌చార్జరే. టర్బో అందుకోవడానికి కాస్త టైం తీసుకుంటుంది.

నా మొదటి ట్రక్కు సెకండ్ హ్యాండ్ వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ది. వారంటీ ఎలాగూ అయిపోయింది కదా అని చవగ్గా దొరికిన టర్బో కిట్ కొని ఒక షాపులో పెట్టించాను. కిట్ ధరే మొత్తం ఖర్చనుకున్నాను. తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లన్నారు, లోపలికి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరన్నారు, ఎగ్జాస్ట్ పైపులన్నారు, చివరికి ట్యూనింగన్నారు, అంటే పెట్రోలు, స్పార్క్ లెక్కలు ఇంజిన్ కంప్యూటర్‌లో సరిచేయడం. ప్రతిదానికీ వేరే బిల్లు. పెట్రోలు కూడా ఇక ప్రీమియమే పోయాలి, అది ట్రక్కు ఉన్నన్నాళ్లూ. డబ్బు అయిపోవస్తోందని ట్యూనింగ్ పైపైన చేయించి ఊరుకున్నాను.

మండే ఎండలో హైవే ర్యాంప్ ఎక్కుతూ గట్టిగా తొక్కితే, బానెట్ కింద డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు. దాన్నే నాకింగ్ అంటారు. స్పార్క్ నుంచి మొదలైన మంట పూర్తిగా పాకకముందే మిగిలిన మిశ్రమం వేడికి దానంతటదే పేలుతుంది. బూస్ట్ (కుక్కే గాలి ఒత్తిడి) ఎక్కువై, పెట్రోలు చాలక, ట్యూనింగ్ సరిగా లేకపోతే జరిగేది ఇదే. ఆ చప్పుడు వింటూనే నడిపాను. పిస్టన్ రింగుల మధ్య ఉండే సన్నటి అంచు విరిగింది. ఇంజిన్ దింపి కట్టించేసరికి ఇంటికి పంపాల్సిన డబ్బంతా దానికే పోయింది, పైన క్రెడిట్ కార్డు అప్పు. మొత్తం తీర్చాను. ఆ ట్రక్కునే ఏళ్ల తరబడి నడిపాను కూడా. కాబట్టి నా మాట విను.

నీ దగ్గర మామూలు వీ8 ఉండి, తప్పదంటే సూపర్‌చార్జర్ పెట్టించు. చాలా కిట్లలో అది సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ స్థానంలో కూర్చుంటుంది, ఎగ్జాస్ట్ వైపు చేయి పెట్టక్కర్లేదు. పని తక్కువైతే కూలీ తక్కువ. ట్యూనింగ్‌తో కలిపి, నీ మోడల్ కోసమే చేసిన కిట్ తీసుకో. బూస్ట్ 6, 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గర ఆపు. అంతకన్నా ఆశపడితే గేర్‌బాక్స్ బిల్లు కూడా చూస్తావు.

టర్బోయే కావాలంటే ఫ్యాక్టరీ నుంచి దానితో వచ్చిన ట్రక్కే కొనుక్కో. ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల ట్విన్ టర్బో ఎకోబూస్ట్ 2011 మోడల్ నుంచీ ఉంది. టొయోటా టండ్రా కూడా 2022 మోడల్‌తో వీ8 మానేసి ట్విన్ టర్బో వీ6కి మారింది. వాటిలో పిస్టన్లు, కూలింగ్, గేర్‌బాక్స్ అన్నీ ఆ ఒత్తిడికి తగ్గట్టే కట్టి ఉంటాయి, వారంటీ కూడా ఉంటుంది. పాత ట్రక్కు అమ్మగా వచ్చేది పోను ఎంత పడుతుందో, కిట్‌కి, కూలీకి, ప్రీమియం పెట్రోలుకి కలిపి ఎంతవుతుందో పక్కపక్కన రాసి చూడు. కుర్రాళ్లు ఎవరూ ఈ లెక్క వేయరు.

కాలిఫోర్నియాలో ఉంటే కిట్‌కి కార్బ్ (ఆ రాష్ట్ర వాయు కాలుష్య నియంత్రణ బోర్డు) ఇచ్చే ఈఓ నంబరు, అంటే అనుమతి నంబరు ఉందో లేదో చూడు, ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పు. మిగతా రూల్స్ మీ రాష్ట్రం సైట్‌లో ఉంటాయి.

ఆర్డర్ పెట్టే ముందు ఇంజిన్ రీబిల్డ్‌కి ఎంతవుతుందో రెండు షాపుల్లో అడుగు. అంత డబ్బు వేరే ఖాతాలో పడేదాకా కిట్ జోలికి పోకు.