నిన్న ఎక్కింది, ఈరోజు ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: మా ఆఫీసులో అయిదుగురం ఒకే ప్రోగ్రాము మీద పనిచేస్తున్నాం. గిట్ రిపాజిటరీ (ప్రోగ్రాము ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోటు) లినక్స్ సర్వర్‌లో ఉంది. దాన్ని నెట్‌వర్క్ డ్రైవ్‌గా వాడుకుంటున్నాం. నేను పుష్ చేస్తే, అంటే నా మార్పులు అందులోకి పంపితే, ఒక్కోసారి ఎక్కుతుంది, ఒక్కోసారి అనుమతి చాలదంటూ ఆగిపోతుంది. ఫోల్డర్‌కు 777 ఇచ్చేయమని సహోద్యోగి అంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దండీ. 777 అంటే అందరికీ అన్ని అనుమతులూ. అది ఇస్తే ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివారూ మీ అయిదుగురి కష్టాన్ని చెరిపేయగలరు. పైగా రేపు పుట్టే ఫోల్డర్లకు అది వర్తించదు. కొన్నాళ్లకు మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు.

రిపాజిటరీలో 'అబ్జెక్ట్స్' ఫోల్డర్ తెరిచి చూడండి. 00, 3ఎఫ్, ఎ7 వంటి రెండక్షరాల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి, గరిష్ఠంగా 256. గిట్ ప్రతి ఫైలుకూ ఒక గుర్తింపు కడుతుంది. దాని మొదటి రెండక్షరాలు ఏవైతే ఆ ఫోల్డర్‌లోకి పంపుతుంది. ఆ ఫోల్డర్ మీ పుష్‌తో పుట్టినదైతే ఎక్కుతుంది. మరొకరి పుష్‌తో పుట్టి, వారి యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ అనుమతులు తీసేయాలో చెప్పే సెట్టింగు) 022 అయితే మీరు చదవగలరు గానీ రాయలేరు. ఒక్కోసారి ఎక్కి ఒక్కోసారి ఎక్కకపోవడం అందుకే.

ఈ చిక్కుతోనే ఒకసారి నేను రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. ఫోల్డర్లను వరసగా చూస్తూ పోతే 3ఎఫ్ ఒక్కదాని యజమాని 'రూట్', అంటే సర్వర్ సర్వాధికారి ఖాతా, అని కనిపించింది. సర్వర్ మీద ఎవరో తొందరలో సూడోతో, అంటే రూట్ అధికారంతో, కమిట్ చేశారు (మార్పులు నమోదు చేశారు). ఆ ఒక్క ఫోల్డర్ నలుగురి పని ఆపింది. మీరూ ముందు యజమానుల పేర్లు చూడండి.

తర్వాత సర్వర్ చూసేవారితో మీ అయిదుగురికీ ఒక గ్రూపు పెట్టించండి. రిపాజిటరీ మొత్తాన్ని ఆ గ్రూపు కిందికి మార్పించి, ఫోల్డర్లన్నిటికీ గ్రూపు రాసే అనుమతి, సెట్‌జిడ్ ఇప్పించండి. సెట్‌జిడ్ ఉంటే కొత్త ఫోల్డర్లు అదే గ్రూపుతో పుడతాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రిపాజిటరీ సెట్టింగుల్లో 'కోర్ డాట్ షేర్డ్‌రిపాజిటరీ'ని 'గ్రూప్' చేయడం మరవకండి. అప్పుడే ఎవరి యూమాస్క్ ఎలా ఉన్నా గిట్ గ్రూపుకు రాసే హక్కు ఉంచుతుంది. డ్రైవ్ ఎన్ఎఫ్ఎస్ (లినక్స్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) అయితే గ్రూపు పేరు కలిస్తే చాలదు, మీ కంప్యూటర్లలోనూ సర్వర్‌లోనూ గ్రూపు సంఖ్య ఒకటే కావాలి.

నన్నడిగితే డ్రైవ్ పద్ధతే మానేయమంటాను. సర్వర్‌లో గిట్ కోసం ఒకే ఖాతా తెరిపించి, అయిదుగురి పబ్లిక్ కీలూ అందులో పెట్టించి, ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌తో భద్రంగా కలిపే పద్ధతి) మీద పుష్ చేయండి. ఫైళ్లన్నిటికీ యజమాని ఆ ఒక్క ఖాతాయే అవుతుంది.