వాయిదా వేశాడా, నాన్చాడా?

సందేహం: మా అబ్బాయికి మస్కట్‌లో ఉద్యోగం వచ్చింది. సూట్‌కేసు కొన్నాడు, దానికో తాళం కొన్నాడు, ఆవకాయ డబ్బాకు ఎన్ని పొరలు ప్లాస్టిక్ చుట్టాలో యూట్యూబులో చూసి నేర్చుకున్నాడు. డిగ్రీ సర్టిఫికెట్‌కు అటెస్టేషన్ మాత్రం చేయించలేదు. అడిగితే ‘వాయిదా వేశానమ్మా’ అంటాడు. ‘నాన్చకురా’ అంటే, ‘నాన్చు అనే మాట లేదు, నానబెట్టు అనాలి’ అని నాకే పాఠం చెబుతున్నాడు. ఎవరిది ఒప్పు? వాయిదా అసలు తెలుగు మాటేనా? అటెస్టేషన్‌ను తెలుగులో ఏమనాలి? – ఒక తల్లి, జగిత్యాల

సమాధానం: అమ్మా, మొదటిది తేలికే. పెరుగు, పెంచు, మునుగు, ముంచు, నాను, నాన్చు. మీ వాడు పెరిగాడు, మీరు పెంచారు, తేడా అంతే. నాన్చు నిక్షేపంలాంటి తెలుగు క్రియ, లేదని ఎవరు చెప్పారో అడగండి. పప్పును నానబెడతాం, పనిని నాన్చుతాం అని వాడుక కొంచెం విడదీసింది గానీ మధ్యలో గోడేమీ కట్టలేదు. ‘ఫైలు నానబెట్టారు’ అని ఎవరైనా రాస్తే నేను ఎర్రసిరా తీయను. కాకపోతే మినప్పప్పు నానబెట్టినవాళ్లకు రుబ్బే ఉద్దేశం ఉంటుంది. నాలుగు గంటలయ్యాక గిన్నెలో చెయ్యి పెట్టి, పప్పు బద్దను గోటితో నొక్కి చూసి, చిదిగితే గ్రైండర్లో వేస్తారు. మర్నాటికి కూడా గిన్నె అక్కడే ఉండి, పైన నురగ కట్టి, వంటింట్లోకి రాగానే వాసన కొట్టిందనుకోండి, అదీ నాన్చడం.

ఇక వాయిదా. ఈ మాట ఎవరైనా అడుగుతారా అని నేను చాన్నాళ్లుగా కాచుకుని ఉన్నాను. నా చిన్నప్పుడు మా తాతగారికి పొలం గట్టు మీద ఒక దావా ఉండేది. నెలకో, రెండు నెలలకో ఒక రోజు తెల్లవారుజామునే లేచి, ఉతికిన పంచె కట్టి, గొడుగూ కాగితాల సంచీ పట్టుకుని మొదటి బస్సుకు వెళ్లిపోయేవారు. ఎక్కడికని అడిగితే ‘వాయిదాకు’ అనేది మా నాయనమ్మ. వాయిదా అనేది ఒక ఊరని, అక్కడ జిలేబీలు బాగుంటాయని నేను చాలా ఏళ్లు నమ్మాను, ఎందుకంటే వచ్చేటప్పుడు తెచ్చేవారు.

నవ్వుకోండి గానీ, ఆ వాడుకలో అసలు అర్థం చెక్కు చెదరకుండా ఉంది. ‘రేపు కోర్టులో వాయిదా ఉంది’ అంటే రేపు పని ఆగిపోతుందని కాదు, రేపు రమ్మని తేదీ ఇచ్చారని. ఈ మాటకు మూలం అరబ్బీ ‘వఅద’, అంటే ఇచ్చిన మాట. ఫారసీ, హిందుస్తానీల మీదుగా నడిచి మన దగ్గరికి వచ్చింది. హిందీ పాటల్లో ప్రేమికులు ఇచ్చుకునే ‘వాదా’, మన కోర్టుల్లో ప్లీడర్లు పుచ్చుకునే వాయిదా ఒక తల్లి పిల్లలే. (వాయిదాల మీద ఫ్రిజ్ కొనడంలోనూ ఇదే మాట, నెలనెలా ఇన్ని రూపాయలు కడతానని ఒప్పుకోవడం.) నిజాం కచేరీల్లో 1880ల దాకా ఫారసీ, తర్వాత ఉర్దూ నడిచాయి కాబట్టి కాగితాలకు సంబంధించిన మన మాటలు సగం అటువైపువే. కాగితం, దరఖాస్తు, రసీదు ఫారసీ నుంచి, నకలు, రుసుము అరబ్బీ నుంచి వచ్చాయి. వీటిని వెళ్లగొట్టాలనే ఛాందసం నాకు లేదు, వెళ్లగొడితే ఆఫీసులో నోరు పెగలదు.

నా గొడవ వేరే. వాయిదా అంటే ఫలానా రోజుకు మార్చడం. తేదీ లేనిది వాయిదా కాదు. అసెంబ్లీని తేదీ చెప్పకుండా ముగించినప్పుడు పత్రికలు ‘నిరవధిక వాయిదా’ అని ముందు ఒక విశేషణం తగిలిస్తాయి చూడండి, ఉత్త వాయిదాలో అవధి ఉంటుంది కాబట్టే ఆ అవస్థ. ఇప్పటి పిల్లలు వాయిదా వేశాం అంటారు, ఎప్పటికిరా అంటే మొహం చూస్తారు. ఇంకా ఘోరం ‘వాయిదా పడింది’ అనడం, అదేదో వాన పడినట్టు, పిడుగు పడినట్టు, వీళ్ల చెయ్యి అందులో లేనట్టు! అందుకని మీ వాణ్ని ఒక్క తారీఖు చెప్పమనండి. చెబితే వాయిదా, చెప్పకపోతే మీరన్న నాన్చుడే ఒప్పు. ఈ తేడా వాడుకలో చెరిగిపోతోందని నాకూ తెలుసు, పదేళ్లయితే నిఘంటువులూ ఒప్పుకుంటాయేమో, కానీ నేను బతికుండగా కాదు. తాత్సారం, జాగు, కాలయాపన కూడా ఉన్నాయి. మొదటిదాంట్లో బద్ధకం, చివరిదాంట్లో కాస్త కుట్ర కనబడతాయి.

చిత్రమేమిటంటే మీ అబ్బాయి వెళ్లేది ఆ మాట పుట్టింటికే. అక్కడ ఆస్పత్రిలో డాక్టరును చూడాలంటే ‘మౌఇద్’ ఇస్తారు, అంటే అపాయింట్‌మెంటు. అదీ వఅద ధాతువుదే. రోజూ, గంటా రాసి మరీ ఇస్తారు.

అటెస్టేషన్‌కు పత్రికల్లో ధ్రువీకరణ అని రాస్తున్నారు, రాయనివ్వండి. కౌంటర్ దగ్గర అటెస్టేషన్ అనే అనండి, క్యూ త్వరగా కదులుతుంది. భారత్ 2005లో, ఒమాన్ 2012లో అపోస్టిల్ ఒప్పందంలోకి (ఒక దేశం ముద్ర వేసిన కాగితాన్ని ఒప్పందంలోని తక్కిన దేశాలు నమ్మే ఏర్పాటు) వచ్చాయి కాబట్టి మన విదేశాంగ శాఖ వేసే ఆ అపోస్టిల్ ముద్ర గురించి కూడా వాడు వినే ఉంటాడు. అది ఫ్రెంచి మాట, దాని వెనక లాటిన్‌లో ‘పోస్ట్ ఇల్లా’, అంటే ‘వాటి తర్వాత’ అని ఉందంటారు. ‘తర్వాత చేస్తాలే’ అనడానికి మీ వాడికి ఈ వ్యుత్పత్తి మాత్రం చెప్పకండి. ఏ ఏర్పాటూ లేకుండా ఉన్నపళంగా బయల్దేరినవాడు పోతనగారి విష్ణుమూర్తి ఒక్కడే: ‘సిరికిం జెప్పఁడు’, శంఖచక్రాలు అందుకోడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. ఆయనకు దిగిన చోట ఇమిగ్రేషన్ లేదు.

అన్నట్టు, గడువు మాత్రం అచ్చ తెలుగే, గడుచు అనే క్రియ తాలూకుది. పాస్‌పోర్టుకు అదెంత మిగిలిందో కూడా ఒకసారి చూడమనండి, ఆరు నెలలకు తక్కువుంటే విమానం ఎక్కకుండానే ఆపేయవచ్చు.